వకీలు గారి సంతకం
బూర్గుల రామకృష్ణారావు గారి జీవితం మనకు చెప్పేది

(అమ్రాబాదులో జరిగిన మన విశ్రాంత ఉద్యోగుల సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన జిల్లా పెద్దల్లో ఒకరి గురించి మాట్లాడమని కార్యవర్గం వారు నన్ను కోరారు. ఎవరి గురించి చెప్పాలా అని ఆలోచిస్తుంటే మన సభ్యుల్లో ఒకరి మనవడు అడిగిన ప్రశ్న గుర్తుకు వచ్చింది. హైదరాబాదులో సచివాలయం పాత భవనాలు ఖాళీ చేసిన తరువాత, 2019 నుంచి 2023లో కొత్త సచివాలయం తెరిచే వరకు, చాలా శాఖలు బి.ఆర్.కె.ఆర్. భవన్‌లో నడిచాయి. మనలో కొందరం ఫైళ్ల కోసం ఆ మెట్లు ఎక్కిదిగినవాళ్లమే. అక్కడికి తాతతో వెళ్లిన ఆ అబ్బాయి "తాతా, బి.ఆర్.కె.ఆర్. అంటే ఏమిటి?" అని అడిగాడట. తాత గారు "అదొక బిల్డింగు పేరురా" అన్నారట. ఈ సంగతి ఆయనే నవ్వుతూ నాతో చెప్పారు. ఆ నవ్వులో కొంచెం సిగ్గు కూడా ఉంది.

బి.ఆర్.కె.ఆర్. అంటే బూర్గుల రామకృష్ణారావు గారు. మన పాత మహబూబ్‌నగర్ జిల్లా మనిషి. వృత్తికి వకీలు. ఎన్నికల ద్వారా వచ్చిన హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రుల్లో మొదటివారూ ఆయనే, చివరివారూ ఆయనే. తరువాత కేరళకు, ఉత్తరప్రదేశ్‌కు గవర్నరుగా చేశారు. రాజకీయాల్లో ఆయనను మితవాది అనేవారు. తొందరపాటు పనికిరాదు, ఏ మార్పు అయినా చట్టం దారిలో, కోర్టు దారిలో, ఒప్పందం దారిలో రావాలి అన్నది ఆయన పద్ధతి. ఆ పద్ధతి వల్ల మనకు ఏం దక్కింది, ఏం దక్కలేదు అన్నదే ఈనాటి నా మాట. ఉద్యోగులుగా మన జీవితాలు ఆయన చేసిన ఒక సంతకం చుట్టూ చాలాకాలం తిరిగాయి కాబట్టి ఈ విషయం మనకు పరాయిది కాదు.

పడకల్లు నుంచి హైకోర్టు దాకా

ఆయన 1899 మార్చి 13న కల్వకుర్తి ప్రాంతంలోని పడకల్లు గ్రామంలో పుట్టారు. తండ్రి నరసింగరావు గారు, తల్లి రంగనాయకమ్మ గారు. వారి అసలు ఇంటిపేరు పుల్లంరాజు. షాద్‌నగర్ దగ్గర బూర్గుల వారి ఊరు కావడంతో ఆ ఊరి పేరే ఇంటిపేరైంది. హైదరాబాదులో చదువుకుని, పుణె ఫెర్గూసన్ కాలేజీలో 1920లో బి.ఏ. ఆనర్సు, బొంబాయి విశ్వవిద్యాలయంలో 1923లో న్యాయశాస్త్ర పట్టా తీసుకున్నారు. తిరిగి వచ్చి హైదరాబాదులో వకాలతు మొదలుపెట్టారు.

అప్పటి కోర్టులు ఎలా ఉండేవో మన తండ్రులు, తాతలు చెప్పగా విన్నవే. వాదనలు ఉర్దూలో, తీర్పులు ఉర్దూలో. పాత దస్తావేజులు చూడాలంటే ఫారసీ తెలియాలి. కక్షిదారు మాట్లాడేది మాత్రం తెలుగు. తన భూమి గురించి కచ్చేరీలో ఏం మాట్లాడుకుంటున్నారో తనకే అర్థం కాని రోజులవి. వకీలు లేకపోతే రైతుకు చెవీ నోరూ రెండూ లేనట్టే. బూర్గుల వారికి తెలుగు, సంస్కృతం, ఉర్దూ, ఫారసీ, మరాఠీ, కన్నడం, ఇంగ్లీషు అన్నీ వచ్చు. ఆ భాషల బలంతో కొద్ది ఏళ్లలోనే పెద్ద వకీళ్ల వరుసలో చేరారు. ఆ తరువాత పాములపర్తి వెంకట నరసింహారావు గారు, అంటే మన పి.వి. గారు, ఆయన దగ్గర కొంతకాలం జూనియరుగా పనిచేశారు. ప్రధానమంత్రి అయిన మనిషి తొలి పాఠాలు ఆ ఆఫీసులో నేర్చారన్నమాట.

వకీళ్లు ఆనాటి తెలంగాణ ప్రజాజీవితానికి ముందు ఎందుకు నిలిచారో ఒక మాట చెప్పుకోవాలి. 1921 నవంబరులో హైదరాబాదులో ఒక సంఘసంస్కార సభ జరిగింది. మహర్షి కర్వే గారు అధ్యక్షులు. అక్కడ ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోతే సభలో కొందరు ఎగతాళి చేసి ఆయనను మాట్లాడనివ్వలేదు. ఆ అవమానం నుంచే ఆంధ్రజన సంఘం పుట్టింది. అది పెరిగి ఆంధ్ర మహాసభ అయింది. మొదటి మహాసభ 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన జరిగింది. రెండవ మహాసభ 1931లో దేవరకొండలో జరిగింది. దానికి అధ్యక్షులు బూర్గుల వారు. దేవరకొండ అంటే మనకు డిండి వాగు అవతలే కదా! ఆ రోజుల్లో సభ పెట్టాలంటే ముందుగా సర్కారు అనుమతి కావాలి. ఏం మాట్లాడాలో, ఏం మాట్లాడకూడదో షరతులు ఉండేవి. అలాంటి చోట షరతుల అంచుల దాకా వెళ్లి, అవి దాటకుండా, చెప్పవలసింది చెప్పగలిగేది వకీలే. బడులు కావాలి, గ్రంథాలయాలు కావాలి, వెట్టి పోవాలి, రైతుకు రక్షణ కావాలి. ఈ కోరికలు తీర్మానాలుగా, అర్జీలుగా వెళ్లాయి.

ఇదంతా మెతక పని అని తరువాత వచ్చిన యువకులకు తోచింది. తోచడంలో తప్పు లేదు. గ్రామాల్లో దొరల గడీలు అలాగే ఉండగా అర్జీలతో ఎంతకాలం? 1940ల్లో ఆంధ్ర మహాసభ రావి నారాయణరెడ్డి గారి వంటి వారి చేతుల్లోకి వెళ్లింది. నల్లగొండలో అది సాయుధ పోరాటంగా మారింది. బూర్గుల వారు ఆ దారిన పోలేదు. స్టేట్ కాంగ్రెసులోనూ స్వామి రామానంద తీర్థ గారిది తీవ్రవర్గం, బూర్గుల వారిది మితవాద వర్గం. 1946లో అధ్యక్ష పదవికి స్వామీజీతో పోటీపడి కొద్ది ఓట్లతో ఓడిపోయారు.

అయితే మితవాది అంటే పిరికివాడు అని అనుకోకూడదు. రజాకార్ల కాలంలో షోయబుల్లాఖాన్ అనే యువ సంపాదకుడు హైదరాబాదు భారత్‌లో చేరాలని రాసేవారు. ఆయన నడిపిన ఉర్దూ పత్రిక 'ఇమ్రోజ్'కు అండగా నిలిచినవారిలో బూర్గుల వారు ముఖ్యులు. 1948 ఆగస్టులో ఆ సంపాదకుణ్ణి నడివీధిలో చంపారు. అలాంటి పత్రిక వెనుక తన పేరు ఉందని నలుగురికీ తెలిసి కూడా ఊళ్లోనే ఉండడానికి గుండె కావాలి.

రెవెన్యూ మంత్రి, ముఖ్యమంత్రి

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. ముందు జనరల్ చౌదరి గారి సైనిక పాలన, తరువాత 1950 నుంచి వెల్లోడి గారి ప్రభుత్వం. ఆ ప్రభుత్వంలో బూర్గుల వారు రెవెన్యూ, విద్యాశాఖల మంత్రి. అదే సంవత్సరం హైదరాబాదు కౌలుదారీ చట్టం వచ్చింది. దాని అమలు భారం ఆయన మీద పడింది.

ఇక్కడ మన రెవెన్యూ మిత్రులు కొంచెం ముందుకు వంగి వినాలి. ఆ చట్టంలో 'రక్షిత కౌలుదారు' అనే మాట ఉంది. పట్టా ఒకరిది, దున్నేది మరొకరు. దున్నేవాడి పేరు ఎక్కడా ఉండేది కాదు. ఉన్నా షిక్మీ అని ఒక మూల రాసేవారు. దొర పొమ్మంటే పోవలసిందే. కొన్నేళ్లు వరుసగా దున్నినవాడిని ఊరికే వెళ్లగొట్టడానికి వీల్లేదని, అతని పేరు రిజిస్టరులో రాయాలని ఈ చట్టం చెప్పింది. 1952లో ముఖ్యమంత్రి అయ్యాక 1954లో దాన్ని సవరించి, రక్షిత కౌలుదారుకు ఆ భూమి మీద యాజమాన్యమే ఇచ్చే 38-ఇ సెక్షను చేర్చారు. 38-ఇ సర్టిఫికెట్ అంటే తెలియని రెవెన్యూ ఉద్యోగి ఈ సభలో ఉండరు. ఆ సర్టిఫికెట్లు రాసి, సీలు వేసిన చేతులు కూడా ఇక్కడ ఉండవచ్చు.

ఆ ప్రభుత్వ కాలంలో తయారైనదే 1954–55 ఖాస్రా పహాణీ కూడా. ఆ తరువాత ఎన్ని రికార్డులు వచ్చాయో మీకు తెలుసు. పహాణీలు పోయి పాసుపుస్తకాలు వచ్చాయి. 2020లో ధరణి వచ్చింది. 2025లో ధరణి పోయి భూభారతి వచ్చింది. ఇన్ని వచ్చినా తగాదా ముదిరి కోర్టుకు ఎక్కితే వకీలు అడిగే మొదటి మాట "ఖాస్రా పహాణీ నకలు ఉందా?" అనే కదా! డెబ్బై ఏళ్లనాడు పట్వారీ రాసిన అక్షరానికి ఈనాటికీ విలువ ఉంది.

లోపాలు కూడా చెప్పుకోవాలి. చట్టం వస్తుందని ముందే తెలిసిన భూస్వాములు కౌలుదార్లను తొలగించారు. కొందరి చేత "మేమే ఇష్టపూర్వకంగా వదులుకున్నాం" అని రాయించుకున్నారు. 1958లో అచ్చయిన ప్రొఫెసర్ ఖుస్రో గారి పరిశీలనలో ఈ సంగతులన్నీ ఉన్నాయి. 38-ఇ సెక్షను కూడా చాలాచోట్ల 1973 నుంచి గానీ అమలులోకి రాలేదు. ఈలోగా దున్నినవాడు ముసలివాడైనాడు, కొన్నిచోట్ల చనిపోయాడు. చట్టం దారి అంటే ఇదే. గట్టిదే కానీ ఆలస్యం ఎక్కువ. ఆలస్యం ఖరీదు ఎప్పుడూ బీదవాడే చెల్లిస్తాడు.

మన అమ్రాబాదు పీఠభూమి మీద నిలబడి ఇంకొక మాట కూడా అనాలి. ఆ చట్టం దున్నేవాడిని చూసింది. దున్నని చెంచును చూడలేదు. తేనె, గడ్డలు, అడవి పండ్లతో బతికే పెంటల్లో పట్టా లేదు, పహాణీ లేదు. 1940లో హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు పండితుడు ఇక్కడికి వచ్చి చెంచులతో ఉండి వారి గురించి పుస్తకం రాశారు. నిజాం ప్రభుత్వం వారి కోసం కొంత అడవిని కేటాయించింది కూడా. అయినా అడవి మీద వారి హక్కును ఒక చట్టంగా రాయడానికి 2006 అటవీ హక్కుల చట్టం దాకా ఆగవలసి వచ్చింది. అప్పటికే అడవి పులులది అయింది. కాగితం ఉన్నవాడికే చట్టం కనిపిస్తుంది అనే మాటకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మనకు అక్కరలేదు.

1952 ఎన్నికల సంగతికి వస్తాను. అప్పటికి సాయుధ పోరాటం విరమించి కొద్ది నెలలే అయింది. కమ్యూనిస్టులు పి.డి.ఎఫ్. పేరుతో పోటీ చేశారు. నల్లగొండలో రావి నారాయణరెడ్డి గారికి నెహ్రూ గారికంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి. కాంగ్రెసుకు మొత్తం మీద ఆధిక్యం వచ్చింది. షాద్‌నగర్ నుంచి గెలిచిన బూర్గుల వారు 1952 మార్చి 6న ముఖ్యమంత్రి అయ్యారు. నాలుగేళ్ల కిందట తుపాకులతో ఎదురుబొదురుగా ఉన్నవారు ఒకే శాసనసభలో ఎదురెదురు బెంచీల మీద కూర్చున్నారు. తెలుగు, మరాఠీ, కన్నడ సభ్యులు, ఉర్దూ అలవాటైన అధికారులు. అందరితో వారి వారి భాషలో మాట్లాడగల ముఖ్యమంత్రి ఉండడం ఆ సభకు ఒక అదృష్టం.

దొరతనం పోయి ప్రజాపాలన వచ్చే సంధికాలంలో ఇలాంటి మనుషుల అవసరం ఇతర దేశాల్లోనూ పడింది. స్పెయిను దేశంలో 1975లో నియంత ఫ్రాంకో చనిపోయాక, న్యాయశాస్త్రం చదివిన అడాల్ఫో స్వారెజ్ 1976లో ప్రధాని అయ్యారు. ఆయనా పాత పాలనలో పెరిగిన మితవాదే. విప్లవం అనకుండా పాత చట్టాల మెట్ల మీదుగానే దేశాన్ని 1977 ఎన్నికల దాకా నడిపించారు. నిషేధంలో ఉన్న కమ్యూనిస్టు పార్టీకి తానే అనుమతి ఇచ్చారు. 1978లో కొత్త రాజ్యాంగం వచ్చింది. తరువాత ప్రజలు ఆయనను పక్కన పెట్టారు. ఇల్లు మారేటప్పుడు సామాను పగలకుండా మోసినవాడిని కొత్త ఇంట్లో ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

ముల్కీ గాయం

బూర్గుల వారి పాలనలో మాయని మచ్చ 1952 సెప్టెంబరులో పడింది. పోలీసు చర్య తరువాత బయటి ప్రాంతాల వారు వచ్చి ఉద్యోగాల్లో చేరారు. ముల్కీ సర్టిఫికెట్లు దొంగదారిన పుట్టాయని, స్థానికులకు అన్యాయం జరుగుతున్నదని వరంగల్లులో విద్యార్థులు మొదలుపెట్టిన ఆందోళన హైదరాబాదుకు పాకింది. సెప్టెంబరు 3, 4 తేదీల్లో సిటీ కాలేజీ ప్రాంతంలో పోలీసులు కాల్పులు జరిపారు. ప్రాణాలు పోయాయి. ఆ నియామకాల్లో చాలా భాగం ఆయన ముఖ్యమంత్రి కాకముందువే కావచ్చు. తుపాకీ పేలింది మాత్రం ఆయన ప్రభుత్వంలోనే. జస్టిస్ పింగళి జగన్మోహన్‌రెడ్డి గారితో విచారణ జరిపించారు. స్థానికుల ఫిర్యాదులు చూడడానికి మంత్రుల సంఘం వేశారు. వకీలు చేయగలిగిన పనులన్నీ చేశారు. చనిపోయిన పిల్లల తల్లులకు మాత్రం ఆ నివేదికలు ఏం జవాబు చెప్పగలవు?

నాలుగు సంతకాలు

ఇక అసలు విషయానికి వస్తున్నాను. 1955లో ఫజల్ అలీ గారి రాష్ట్రాల పునర్విభజన కమిషను నివేదిక వచ్చింది. తెలంగాణను ప్రస్తుతానికి హైదరాబాదు రాష్ట్రంగా విడిగా ఉంచి, 1961 ఎన్నికల తరువాత ఆ శాసనసభలో మూడింట రెండు వంతులు ఒప్పుకుంటే ఆంధ్రతో కలపమని అది చెప్పింది. తెలంగాణ ప్రజల్లో ఉన్న భయాలు బూర్గుల వారికి బాగా తెలుసు. కాంగ్రెసు అధ్యక్షులు ధేబర్ గారికి వాటి గురించి రాశారు. 1955 చివర శాసనసభలో చర్చ జరిగినప్పుడు విశాలాంధ్ర కావాలని 103 మంది, ప్రత్యేకంగా ఉండాలని 29 మంది చెప్పారు. ఆ 103 మందిలో మరాఠీ, కన్నడ ప్రాంతాల సభ్యులూ ఉన్నారని మరిచిపోకూడదు. చివరికి అధిష్టానం కలపాలనే నిశ్చయించింది. బూర్గుల వారు తలవంచారు. 1955 డిసెంబరు 10న నందికొండ దగ్గర నాగార్జునసాగర్‌కు నెహ్రూ గారు పునాదిరాయి వేసినప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ అక్కడ ఉన్నాయి. ఇంకో ఏడాది తిరగకముందే అవి ఒకటయ్యాయి.

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం జరిగింది. ఆంధ్ర తరఫున బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు గార్లు. తెలంగాణ తరఫున బూర్గుల రామకృష్ణారావు, కొండా వెంకటరంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు గార్లు. ఎనిమిదిమంది సంతకాలు చేశారు. తెలంగాణ మిగులు డబ్బు తెలంగాణకే ఖర్చుపెట్టాలి, ప్రాంతీయ మండలి ఉండాలి, ఉద్యోగాల్లో, కాలేజీ సీట్లలో స్థానికులకు రక్షణ ఉండాలి, ముఖ్యమంత్రి ఒక ప్రాంతంవారైతే ఉప ముఖ్యమంత్రి మరో ప్రాంతంవారు కావాలి. ఇవీ అందులోని ముఖ్యమైన మాటలు.

మిత్రులారా! నన్ను చాలాకాలంగా పట్టి పీడించే ప్రశ్న ఇది. దున్నేవాడి హక్కును నోటిమాటకు వదలకుండా రిజిస్టరులో రాయించిన వకీలు, జీవితమంతా దస్తావేజులు చదివిన వకీలు, మొత్తం ప్రాంతపు భవిష్యత్తును పెద్దమనుషుల మాట మీద ఎలా వదిలిపెట్టారు? ఆ ఒప్పందం చట్టం కాదు. ఉల్లంఘిస్తే ఏ కోర్టుకు వెళ్లాలో అందులో లేదు. తన ఆఫీసుకు ఒక రైతు అలాంటి కాగితం తెచ్చి "దీని మీద వేలిముద్ర వేయమంటారా?" అని అడిగి ఉంటే, బూర్గుల వారు "రిజిస్ట్రీ చేయించుకుని రా" అని వెనక్కి పంపి ఉండేవారని నా నమ్మకం.

నాకు తోచిన జవాబు చెబుతాను. ఎదురుగా కూర్చున్నవారు ఆయనతో పాటు స్వాతంత్ర్యం కోసం పనిచేసినవారు, చాలావరకు ఒకే పార్టీవారు. వారిని షూరిటీ అడగడం మర్యాద కాదనుకున్నారు. పెద్దమనిషికి మరో పెద్దమనిషి మీద ఉండే నమ్మకమది. మితవాదుల గుణమూ అదే, బలహీనతా అదే. పైగా ఆ సంతకంతో తన ముఖ్యమంత్రి పదవి పోతుందని ఆయనకు తెలుసు. పోయే పదవి కోసం పాకులాడలేదు. అది మాత్రం ఈ రోజుల్లో ఎవరు చేస్తారు?

ఆ తరువాత కథ మన సర్వీసు పుస్తకాల్లోనే ఉంది. 1956 నవంబరు 1న ఏర్పడిన మొదటి మంత్రివర్గంలోనే ఉప ముఖ్యమంత్రి లేరు. ప్రాంతీయ మండలి ప్రాంతీయ సంఘంగా, సలహా ఇచ్చే సంఘంగా మారింది. ఉద్యోగాల రక్షణకు తెచ్చిన నివాస నిబంధనను 1969 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టివేసింది. అదే ఏడాది తెలంగాణ భగ్గుమన్నది. 1972లో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయన్నది. అటు ఆంధ్రలో ఆందోళన లేచింది. 1973లో ఆరు సూత్రాల పథకం వచ్చింది. రాజ్యాంగంలో 371-డి చేరింది. 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి. 1985 డిసెంబరు 30న 610 జీవో వచ్చింది. చివరికి 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. లోకల్, నాన్‌లోకల్, జోను, సీనియారిటీ లిస్టు అంటూ మనం ముప్ఫై ఏళ్లు లెక్కలు వేసుకున్న బాధలన్నిటికీ ఆ ఢిల్లీ కాగితంతో చుట్టరికం ఉంది. గమనించండి. మాటగా ఉన్నంతకాలం అది నిలవలేదు. రాజ్యాంగంలో అక్షరమయ్యాకనే ఉద్యోగికి కోర్టులో నిలబడడానికి ఇంత చోటు దొరికింది.

తిరువనంతపురంలో పరీక్ష

1956 నవంబరులోనే బూర్గుల వారు కేరళ గవర్నరుగా వెళ్లారు. 1957లో అక్కడ ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ గారి కమ్యూనిస్టు ప్రభుత్వం ఎన్నికల ద్వారా వచ్చింది. హైదరాబాదులో కమ్యూనిస్టులను ఎదుర్కొన్న మనిషే అక్కడ వారి చేత ప్రమాణస్వీకారం చేయించారు. ఆ ప్రభుత్వం తెచ్చిన విద్యాబిల్లును ఆయన రాష్ట్రపతి పరిశీలనకు పంపారు. అది సుప్రీంకోర్టు అభిప్రాయానికి వెళ్లింది. వకీలు దారి మళ్లీ కనిపిస్తుంది. అనుమానం ఉంటే కోర్టును అడుగుదాం.

1959లో పరిస్థితి ముదిరింది. వీధుల్లో పెద్ద ఆందోళన. శాసనసభలో ఆధిక్యం ఉన్న ప్రభుత్వం అది. అయినా గవర్నరు నివేదిక తరువాత కేంద్రం 1959 జూలై 31న 356వ అధికరణం కింద దాన్ని తొలగించింది. ఆ జూన్ నెలలోనే కేరళ శాసనసభ కౌలుదార్ల కోసం భూసంబంధాల బిల్లు ఆమోదించింది. ఇక్కడ కౌలుదారుకు రక్షణ తెచ్చిన మనిషి అక్కడ ఆ ప్రభుత్వం పోవడానికి నివేదిక పంపవలసి వచ్చింది. అక్షరం ప్రకారం రాజ్యాంగంలో ఉన్న పనే. న్యాయమా అంటే ఈనాటికీ వాదన తెగలేదు. 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి తొలగింపులకు కళ్లెం వేసింది. ఆయన మీద గౌరవం ఉన్నా ఈ సంగతి దాచి చెప్పడం సభా మర్యాద కాదని నేను అనుకుంటున్నాను.

1960 నుంచి 1962 వరకు ఉత్తరప్రదేశ్ గవర్నరుగా చేసి, తరువాత కొంతకాలం రాజ్యసభలో ఉన్నారు. ఇన్ని పదవుల మధ్యా చదువూ రాతా మానలేదు. 'సారస్వత వ్యాస ముక్తావళి' ఆయన వ్యాస సంపుటి. ఫారసీలో సర్మద్ రాసిన రుబాయీలను తెలుగు చేశారు. ఔరంగజేబు కాలంలో తాను నమ్మినదాన్ని వదలక తల పోగొట్టుకున్న కవి సర్మద్. రాజీకి పేరుపడ్డ వకీలు గారు రాజీపడని కవిని ఎన్నుకుని తెలుగులోకి తెచ్చారు. మనిషి మనసులో ఏముంటుందో పైకి కనిపించే ఉద్యోగం చెప్పదు కదా! 1967 సెప్టెంబరులో బూర్గుల వారు కాలం చేశారు.

మనకు మిగిలింది

మిత్రులారా! పెద్దవాళ్ల జీవితాలు చెప్పుకునేది పూజకోసం కాదు. మనమూ మితవాదులమే. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ రూలు ప్రకారం నడిచాం. ఇప్పుడూ ఏటా జీవన ప్రమాణ పత్రం ఇస్తే గానీ మనం బతికి ఉన్నామని ట్రెజరీ ఒప్పుకోదు. కాగితం విలువ మనకంటే తెలిసినవారు ఎవరు? అయినా ఇళ్ల దగ్గర మనమే మాట మీద వదిలేస్తున్నాం. "అన్నదమ్ములే కదా, కాగితం ఎందుకు" అంటాం. "చిన్నోడు చూసుకుంటాడులే" అంటాం. కుటుంబ పెన్షనుకు భార్య పేరు, పుట్టినతేదీ సరిగా ఉన్నాయో లేదో చూసుకోం. మనం పోయిన తరువాత ఆమె ఆఫీసుల చుట్టూ తిరుగుతుంది. ఈ సభలో అలాంటి ఇద్దరు అక్కయ్యలు ఉన్నారు. వారి పేర్లు నేను చెప్పను. వారి చెప్పులు ఎంత అరిగాయో మన కార్యదర్శి గారికి తెలుసు.

సంఘానికి కూడా ఒక మాట. అధికారులు, నాయకులు సభకు వచ్చి "మీ బకాయిలు చూస్తాం, మీ వైద్యం ఖర్చులు చూస్తాం" అంటే చప్పట్లు కొడదాం. మర్యాద మర్యాదే. చప్పట్లు కొట్టిన తరువాత "అయ్యా, ఈ మాటను ఉత్తర్వుగా ఇప్పించండి, నంబరు, తేదీ వేయించండి" అని కూడా అడుగుదాం. బూర్గుల వారు ఖాస్రా పహాణీ కాలంలో నేర్పిన పాఠం ఇది. ఢిల్లీలో ఆయనే మరిచిపోయిన పాఠం కూడా ఇదే. రెండూ గుర్తుపెట్టుకుంటే ఆ పెద్దమనిషికి అంతకంటే మంచి నివాళి లేదు.

ఇకమీదట మీ మనవడో మనవరాలో బి.ఆర్.కె.ఆర్. ఎవరని అడిగితే బిల్డింగు పేరు అని చెప్పకండి. మన జిల్లా వకీలు గారని చెప్పండి. దున్నేవాడి పేరు పుస్తకంలోకి ఎక్కించారని చెప్పండి. పెద్దమనుషుల మాట నమ్మి ఒకసారి మోసపోయారని కూడా చెప్పండి. పిల్లలకు రెండూ తెలియాలి.